ఒక్క గుద్దుకే పడిపోయిన మామ

నా చిన్నప్పుడు మా తొండుపల్లిలో సినిమాల్లో కనిపించే మనిషి మా మేనమామ ఒక్కడే. విలన్ వెనక నిలబడే రౌడీల్లో ఒకడిగా పనిచేసేవాడు. హిమాయత్ సాగర్ దగ్గర షూటింగ్ ఉందని కబురొస్తే ఆరాంఘర్ దాకా పోయి సినిమావాళ్ల వ్యాన్ ఎక్కేవాడు. ఒకసారి ఇంటికొచ్చి, "అల్లుడా, ఈసారి హీరోతోని నేనే కొట్లాడిన" అన్నాడు. ఆ ఒక్క మాటతో బడిలో నేను రాజునైపోయాను. మా మామ హీరోను ఎత్తి కుదేస్తాడని నా సొంత కథ కూడా కలిపాను.

ఆ సినిమా శంషాబాద్ టాకీసుకు వచ్చినప్పుడు మామే మా ఊరి పిల్లలందరినీ తీసుకుపోయాడు. ఫైట్ మొదలైంది. రౌడీలంతా ఒక్కసారి మీద పడితే హీరో పని అయిపోయేదే. కానీ ఒకడు తన్నులు తింటుంటే మిగతావాళ్లు కత్తులు ఊపుతూ తమ వంతు కోసం ఆగారు. ఆ వెనక వరుసలో మా మామ. వంతు రాగానే అరుస్తూ ఉరికాడు. ఒక్క గుద్దుకే గాలిలో తిరిగి కుండల మీద పడ్డాడు. మళ్లీ లేవలేదు.

నమ్మించి గొంతు కోశాడనిపించింది.

"మీ మామకంటే గా కుండలే నయంరా, ఇంకా రెండు నిలబడ్డయి" అని పక్కవాడు నవ్వాడు.

"గాయన ఇగ నాకు మామ కాదు" అన్నాను.

వెనక నుంచి పల్లీల పొట్లం అందిస్తున్న మామ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆ పొట్లం నా ఒళ్లో పడింది.

మర్నాడు పొద్దున మామ నన్ను గడ్డివాము దగ్గరికి పిలిచి, కొట్టమన్నాడు. కసికొద్దీ కడుపులో గుద్దాను. ఆయన కదలలేదు, నా చెయ్యే నొచ్చింది. ఈసారి ముట్టకుండా చెయ్యి ఊపమన్నాడు. నా పిడికిలి జానెడు దూరంలోనే ఆగిపోయింది. ఆయన మాత్రం ఎగిరి గడ్డిలో పడ్డాడు. అరుగు మీద ఉన్న అమ్మమ్మ ఉలిక్కిపడి నన్ను తిట్టింది.

"చూసినవా, అమ్మ సుత నమ్మింది. నేను పడితేనే నీ దెబ్బకు బలమొచ్చింది" అన్నాడు మామ, లేస్తూ. మోచేతి మీది పాత గాయం చిట్లి రక్తం కారుతోంది. హీరో గుద్దు ఉత్తదే. కుండలు మాత్రం నిజమైనవి.

అంతా అర్థమైంది. అయినా టాకీసులో అన్న మాటను నేను వెనక్కు తీసుకోలేదు. ఆయన పోయేదాకా తీసుకోలేదు. మోసపోయానని ఏడ్చింది నేను, మోసం చేసిందీ నేనే. తర్వాత ఉద్యోగంలో నా తప్పులను తమ నెత్తినేసుకుని నన్ను నిలబెట్టినవాళ్లను కూడా నాకేమీ కానివాళ్లుగానే చూశాను.

ఆ గడ్డివాము ఉన్నచోట ఇప్పుడు విమానాశ్రయానికి పోయే కార్లు ఆగుతున్నాయి. ఇంట్లో మనవడు సెల్‌ఫోన్‌లో ఫైట్లు చూస్తూ, "తాతా, వీడు ఒక్క దెబ్బకే పడ్డడు" అని నవ్వుతుంటాడు. ఆ పడినవాడెవరో నాకు తెలియదు. అయినా ప్రతిసారీ, "నవ్వకురా, గాయన మా మామ" అంటాను.