రెండుసార్లు నమోదైన పద్దెనిమిది సెకన్లు

ఆఫీసులో ఆవిడను సెకన్లమ్మ అనేవారు. వెటకారానికి పెట్టిన పేరే గానీ, ఇరవయ్యేళ్లు తిరిగేసరికి అదే అసలు పేరైపోయింది. కాలమానాల విభాగంలో ప్రోగ్రాములు రాయడం ఆవిడ ఉద్యోగం. సెకనంటే ఎక్కడైనా సెకనే కదా, దానికో విభాగమా అని ఆవిడ ముందు మాత్రం అనకండి. అన్నారో, మీ మధ్యాహ్నం భోజనం గోవిందా!

విషయం మరీ బ్రహ్మవిద్యేం కాదు. భూమి కాస్త బద్ధకంగా తిరుగుతుంది. అది వెనకబడినప్పుడల్లా, దానికి సరిపోయేలా మన గోడ గడియారాల కాలానికి ఒక సెకను కలుపుతూ వచ్చారు. ఉపగ్రహాలకు ఆ గొడవ పట్టదు. మొదలుపెట్టిన రోజు నుంచి వాటి లెక్క వాటిదే. అందుకని ఇప్పుడు ఉపగ్రహ కాలం మన కాలం కంటే పద్దెనిమిది సెకన్లు ముందుంటుంది. ఏ యంత్రం ఏ కాలంలో రాసుకుందో కనిపెట్టి, అన్నిటినీ ఒకే కాలంలోకి మార్చి, ఏది ముందు జరిగింది, ఏది వెనక జరిగింది అని తేల్చడమే సెకన్లమ్మ పని.

ఆవిడకు నా అన్నవాడు ఒక్క తమ్ముడు. నది మీద లేపుడు వంతెన నడిపేవాడు. పడవ వస్తే గంట మోగించాలి, పది లెక్కపెట్టాలి, అప్పుడు మోటారు మీట నొక్కి వంతెన లేపాలి. తమ్ముడు పదకొండు లెక్కపెట్టేవాడు. "పది రూలు ప్రకారం, ఒకటి పరిగెత్తుకొచ్చేవాళ్ల కోసం" అని నవ్వేవాడు.

కిందటేడు ఒక పగటిపూట వంతెన లేస్తుంటే, దాని మీద సైకిల్ తొక్కుకుంటూ వస్తున్న టైలరు నదిలో పడి చనిపోయాడు. గంట ముందే మోగించానని తమ్ముడు మొత్తుకున్నాడు. గంటకు ఒక నమోదు పెట్టె, మోటారుకు ఒక నమోదు పెట్టె ఉన్నాయి. రెండిట్లోని లెక్కలూ కలిపి చెప్పమని విచారణ కమిటీ పంపింది ఎక్కడికనుకున్నారు? సెకన్లమ్మ బల్ల మీదికే. తమ్ముడి కేసు, నాకొద్దు అని తప్పుకోవలసింది. తప్పుకోలేదు. తన ప్రోగ్రామంటే ఆవిడకు అంత ధీమా. అది తేల్చిందేమిటంటే, మోటారు కదిలిన ఏడు సెకన్లకు గాని గంట మోగలేదు. ఆవిడ సంతకం పెట్టింది.

"పదకొండు లెక్కపెట్టానక్కా" అన్నాడు తమ్ముడు.

"ఒరేయ్, మనిషి మర్చిపోతాడు. యంత్రం మర్చిపోదురా."

ఉద్యోగం పోయి తమ్ముడు అక్క ఇంట్లోనే, మూడో అంతస్తులో, ఉండిపోయాడు. అప్పీలుకు ఒక్క అవకాశం మిగిలింది. దానికి పెట్టిన గడువు, ఒక శుక్రవారం, దాటితే టైలరు చావు బతికినన్నాళ్లూ అతని నెత్తిమీదే.

ఇంట్లో మొదట తలుపు సంగతి బయటపడింది. తమ్ముడు కుర్చీలోంచి లేచి వెళ్లి తలుపు తీసేవాడు. బయట ఎవరూ ఉండేవారు కాదు. గడపలో అలాగే నిలబడేవాడు. కాసేపటికి కింద మెట్ల మీద అడుగుల చప్పుడు. పోస్టుమాన్ పైకొచ్చి, అలవాటుగా బెల్లు నొక్కేసి, తెరిచి ఉన్న తలుపు చూసి కంగారుపడేవాడు. "పాము చెవులురా నీవి" అని అక్క నవ్వింది.

తర్వాత ఫోను. మోగని ఫోను చేతిలోకి తీసుకుని "ఆ, వస్తున్నా" అన్నాడు. ఆ తర్వాత అది అతని చేతిలో మోగింది. ఈసారి అక్క నవ్వలేదు.

ఒకరోజు పాత గుడ్డ పట్టుకొచ్చి ఆవిడ పక్కన ఊరికే నిలబడ్డాడు. ఎందుకురా అని అడగబోతూ ఆవిడ తిరిగింది. మోచెయ్యి తగిలి నీళ్ల గ్లాసు బోర్లాపడింది. తమ్ముడు వంగి తుడిచాడు. మరొకరైతే భూతవైద్యుడి కోసం వెతికేవారు. ఈవిడ సెకన్లమ్మ కదా, లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తలుపు తీసిన దగ్గర్నుంచి బెల్లు మోగేదాకా పద్దెనిమిది. మర్నాడు చాకలాయన వచ్చినప్పుడూ పద్దెనిమిదే. ఫోనుకీ అంతే. ఒకటి ఎక్కువా లేదు, ఒకటి తక్కువా లేదు.

"నీకు ముందే ఎలా తెలుస్తోందిరా?"

"ముందేంటి? బెల్లు మోగింది, లేచాను."

"మోగలేదురా."

"మోగిందక్కా. నువ్వెప్పుడూ ఇంతే, మోగిందంటే నమ్మవు."

ఆ మాట ఆవిడ గుండెల్లో ముల్లులా దిగింది. గురువారం పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి, తన ప్రోగ్రాము కలిపిన ఫైలు కాదు, గంట పెట్టె నుంచి నేరుగా వచ్చిన ఫైలు తెరిచింది. ఏడాదిగా దాని మొహం చూడలేదు. ఎందుకు చూస్తుంది? యంత్రం మర్చిపోదు కదా!

ప్రమాదానికి నాలుగు నిమిషాల ముందు వంతెన దగ్గర కరెంటు పోయి వచ్చింది. మోటారు పెట్టెకు బ్యాటరీ ఉంది కాబట్టి దానికేమీ కాలేదు. గంట పెట్టె ఆరిపోయి మళ్లీ వెలిగింది. అది టైము తీసుకునేది ఉపగ్రహాల నుంచి. పద్దెనిమిది తీసెయ్యాలన్న కబురు కూడా ఉపగ్రహాలే పంపుతాయి గానీ, అది అందడానికి ఒక్కోసారి పన్నెండు నిమిషాలు దాటుతుంది. అందాకా ఆ పెట్టె ఉత్త ఉపగ్రహ కాలమే రాసుకుంటూ పోయింది. కబురు అందగానే పద్దెనిమిది సెకన్లు వెనక్కి జరిగింది. దాంతో ఫైల్లో అవే పద్దెనిమిది సెకన్లు రెండుసార్లు పడ్డాయి.

మరి ఇంత స్పష్టంగా ఉన్నది ప్రోగ్రాముకు కనబడలేదా? కనబడింది. చిట్టచివర ఒక్క ముక్క రాసింది కూడా: "నకళ్లు పద్దెనిమిది. తొలగించబడ్డాయి." ఒకే సెకను రెండుసార్లు వస్తే రెండోది చెత్త, తీసి పారెయ్ అని ఏనాడో ఆ ప్రోగ్రాముకు నేర్పింది సెకన్లమ్మే. శుభ్రమంటే ఆవిడకు ప్రాణం మరి.

గంట మోగింది ఆ కబురు అందకముందే. ఆవిడ ఆ టైములోంచి పద్దెనిమిది తీసేసి చూసింది. గంట మోగాక, మోటారు కదిలే లోపు గడిచినవి పదకొండు సెకన్లు.

పది రూలు ప్రకారం, ఒకటి పరిగెత్తుకొచ్చేవాళ్ల కోసం. ఆవిడ తల పట్టుకుని కూర్చుండిపోయింది. తోడబుట్టినవాడి మాట కాదని, తను రాసిన చీపురుకట్ట లాంటి ప్రోగ్రామును నమ్మింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

విభాగం పెద్దాయన ఆవిడ కమిటీకి రాసిన ఉత్తరం రెండుసార్లు చదివాడు. "సంతకం మీదే కదమ్మా. ఇది బయటికెళ్తే మీ ఇరవయ్యేళ్ల రిపోర్టులూ తిరగదోడతారు."

"తోడనివ్వండి సార్. ఇంకెంతమందికి ఇలా చేశానో నాకూ తెలియాలి" అంది. ఉత్తరం తనే తీసుకెళ్లి కమిటీ ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుంది.

ఇంటి మెట్లెక్కుతూ ఏమని చెప్పాలో కూడబలుక్కుంది. ఒక్క వాక్యం కూడా కుదరలేదు. పైకి చేరేసరికి తలుపు తెరిచే ఉంది. తమ్ముడు తువ్వాలు పట్టుకుని గడపలో నిలబడ్డాడు.

"ఏడవకక్కా" అన్నాడు.

"నేనేం ఏడవట్లేదురా."

"సరేలే. క్షమించమన్నావుగా, విన్నాను. లోపలికి రా."

ఆవిడ ఇంకా నోరే తెరవలేదు. వద్దనుకుంటూనే మనసు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పదకొండు దగ్గర తలుపు చట్రం పట్టుకుంది. పద్దెనిమిది దగ్గర, "క్షమించరా" అని ఆ గడపలోనే కూలబడి భోరుమంది. తమ్ముడు తువ్వాలు అందించాడు.

శుక్రవారం కమిటీ తమ్ముడి తప్పేమీ లేదని రాసిచ్చింది. ఆ రాత్రి అతను ఏడాదిలో మొదటిసారి ఒళ్లు మరిచి నిద్రపోయాడు.

శనివారం పొద్దున తమ్ముడు కుర్చీలో పేపరు చదువుకుంటున్నాడు. అక్క వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు తీసింది.

"ఎవరక్కా?"

"ఏమో. బెల్లు మోగిందిగా?"

తమ్ముడు పేపరు దించి ఆవిడ వంక చూశాడు. "మోగలేదక్కా."

బయట ఎవరూ లేరు. గడియ మీద చెయ్యి అలాగే ఉంచి ఆవిడ నిలబడిపోయింది. ఈసారి లెక్కపెట్టే ధైర్యం చాల్లేదు. కాసేపటికి కింద మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది.