చివరి పాట దాకా రాని నాటకం

బాబాయిగారు పోయారని మంగళవారం పిన్నిగారు ఫోన్ చేసి చెప్పారు. నిద్రలోనే వెళ్లిపోయారట. ఏడుపొచ్చింది. దాని వెనకే, పోయిన మనిషి మీద రాకూడని చిరాకూ వచ్చింది. మా ఇద్దరి మధ్యా తేలని గొడవ ఒకటుంది మరి.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. ఎనభైల మొదట్లో అమెరికాలో, పిస్కాటవే ఊళ్లో మా పై అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు. పగలు మందుల కంపెనీలో కెమిస్టు, సాయంత్రమైతే తెనాలి పద్యనాటకాల మనిషి. ఒక ఆదివారం టీవీలో కౌబాయ్ టోపీ పాటగాడి సినిమా చూశారు. గిటారుతో ఊరూరా తిరిగి, తాగి చెడి, చివరికి భార్య క్షమిస్తే బాగుపడే కథ. "ఇది మన కథేనమ్మా, స్టేజి ఎక్కిద్దాం" అన్నారు. టోపీ ఆయనకి, భార్య వేషం నాకు. గిటారు పక్కన హార్మోనియం కూడా ఉండాలన్నారు. వద్దంటే వినే మనిషా?

నాకున్నది ఒకే పాట, అదీ చివర్లో. గుమ్మంలో నిలబడ్డ మొగుణ్ణి లోపలికి రమ్మనే పాట. కథంతా దానికోసమే. పెళ్లయ్యాక నేను నలుగురి ముందు పాడబోయే మొదటి పాట కూడా అదే. చంటిదాన్ని ఒళ్లో వేసుకుని చలికాలమంతా ప్రాక్టీస్ చేశాను.

ప్రదర్శన హైస్కూల్ ఆడిటోరియంలో. పదింటికల్లా ఖాళీ చేయాలని స్కూల్‌వాళ్లు ముందే చెప్పారు. బార్ సీన్‌లో బాబాయిగారు ఏడుపు పాట ఎత్తుకుని, చివర మన పద్ధతిలో రాగం తీశారు. మనవాళ్లు ఊరుకుంటారా, "వన్స్ మోర్" అన్నారు. పద్యనాటకంలో ఆ మాట వినిపిస్తే చచ్చిపోయిన పాత్రయినా లేచి మళ్లీ పాడాల్సిందే. ఈయన పాడారు. మళ్లీ అడిగారు, మళ్లీ పాడారు. పది కాగానే స్కూల్ వాచ్‌మన్ లైట్లు ఆర్పేశాడు. హీరో బార్‌లోనే ఉండిపోయాడు, నేను తెల్లచీర కట్టుకుని తెర పక్కనే ఉండిపోయాను.

"ఈసారి వన్స్ మోర్‌లు తీసుకోకండి బాబాయిగారూ" అని బతిమాలాను.

"జనం అడిగితే కాదనడం పొగరమ్మా. నీ పాట ఎక్కడికి పోతుంది?" అన్నారు.

రెండో ప్రదర్శనలోనూ అదే తంతు. స్కూల్‌వాళ్లు ఇక హాలు ఇవ్వం పొమ్మన్నారు. మా నాటకం ఆయుష్షు అంతే. భార్య క్షమించిందో లేదో చూసినవాళ్లు ఎవరూ లేరు.

తర్వాత ఏ పెళ్లిలో కనిపించినా నా పాట సంగతి ఎత్తేదాన్ని. "పులిహోర తిన్నావా అమ్మా, బాగుంది" అని మాట మార్చేవారు. మా ఆయన ఉద్యోగం పోయిన ఏడాది మా పాపని రోజూ స్కూల్లో కారులో దింపిందీ ఈ మనిషే. సరిగ్గా కోపం కూడా తెచ్చుకోనివ్వరు, అదొక విసుగు.

అంత్యక్రియలయ్యాక పిన్నిగారి దగ్గర ఇదంతా వెళ్లగక్కాను. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. "నీ ప్రాక్టీస్ పైకి వినిపించేది కదే. మీ బాబాయి అన్నం కలుపుతూ ఆగిపోయేవారు. 'ఈ పిల్ల పాడిందంటే ఇక నన్నెవరూ తలుచుకోరు' అన్నారు ఒకరోజు."

ఆ ముక్క బతికుండగా నాతో అంటే ఆయన సొమ్మేం పోయింది, మీరే చెప్పండి.

ఆ రెండు రాత్రులూ ప్రతి వన్స్ మోర్‌కీ ఆయన టోపీ సర్దుకుంటూ నేనున్న వైపు చూసేవారు. కాస్త ఓర్చుకోమంటున్నారని అప్పుడు అనుకున్నాను. ఒక్క క్షణం చూసి, గబగబా హార్మోనియం వైపు తిరిగి మళ్లీ మొదలుపెట్టేవారు.