కండె అయిపోయే చప్పుడు

పెడనలో ఆ వీధికి మగ్గాల వీధి అన్న పేరు ఇంకా ఉంది గానీ, రెండువేల ఎనిమిది నాటికి అందులో మగ్గం ఆడే ఇళ్లు మూడో నాలుగో మిగిలాయి. వెంకటరత్నమ్మ ఇల్లు వాటిలోది కాదు. ఆమె భర్త పాండురంగయ్య పోయి రెండేళ్లయింది. ఆస్పత్రి కాగితంలో క్షయ అని రాశారు. నెలల తరబడి నూలు దొరక్క, దొరికినప్పుడు నేసిన చీర కొనే దిక్కు లేక, పూటపూటా అరకడుపుతో లేచిన మనిషికి క్షయ కాక మరేం వస్తుందని అడిగినవాళ్లు లేరు. ఆకలి అనే మాట రాయడానికి ఏ కాగితంలోనూ గడి ఉండదు.

మగ్గం చెక్కల్ని ఎవరో బండి మీద వేసుకుపోయారు. నేసేవాడు కాళ్లు దించుకుని కూర్చునే గుంట మాత్రం ఆమె పూడ్చలేదు. పైన రెండు చెక్కలు పరిచి ఊరుకుంది. పొద్దున్నే అద్దకం షెడ్డుకి వెళ్లి, అచ్చులు వేసిన బట్టని కాలవలో జాడించే పని చేసేది. సాయంత్రం ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుంటే ఒకటే దిగులు తొలిచేది. ఆయన ముఖానికి ఫోటో ఉంది. ఆయన చొక్కా పెట్టెలో ఉంది. ఆ మగ్గం చప్పుడుకే ఏ గుర్తూ లేదు. ముప్పై ఏళ్లు చెవిలో మోగింది ఇప్పుడు తలుచుకుంటే సగమే వస్తోంది. ఆ సగం కూడా ఏదో ఒక రోజు పోతుంది. పోయేలోపు ఒక్కసారి పూర్తిగా వినాలని ఆమె కోరిక. వీధిలో మిగిలిన మగ్గాలు వినిపించకపోలేదు. అవి వేరు. మనిషి మనిషికీ దగ్గు వేరైనట్టే మగ్గం మగ్గానికీ చప్పుడు వేరు.

అలాంటి ఇంటికి సురేష్ వచ్చాడు. బందరు కుర్రాడు, పాతికేళ్లుంటాయి. గుడివాడ, అవనిగడ్డ వైపు పెళ్లిళ్లలో మిమిక్రీ చేసేవాడు. నెట్ సెంటర్లో ఎవరో విదేశీ కుర్రాడు ఒట్టి నోటితో డ్రమ్ములన్నీ వాయించడం చూసి, ఏడాదిపాటు అద్దం ముందు కూర్చుని ఆ విద్య పట్టాడు. దాన్ని బీట్‌బాక్సింగ్ అంటారు. షెడ్లలో పనికి కుదిరి బడి మానేసిన పిల్లల్ని మళ్లీ బడిలో వేసే చిన్న సంఘమొకటి పెడనలో ఉండేది. ఆదివారం పూట కూడా పిల్లలు షెడ్డు మొహం చూడకుండా ఉండాలంటే ఏదో ఒక ఆకర్షణ కావాలని వాళ్లు సురేష్‌ని పిలిచారు. డ్రమ్ము కొనే స్తోమతు సంఘానికీ లేదు, పిల్లలకీ లేదు. నోరు మాత్రం అందరికీ ఉంది. పేదవాళ్ల నోరు మూయించడానికి ఊరినిండా మనుషులున్నప్పుడు, ఆ నోటినే వాయిద్యం చేసి చూపిస్తానన్నవాణ్ణి కాదనేదెవరు? చోటు కావలసి వచ్చింది. రత్నమ్మ ఖాళీ మగ్గం గది ఇచ్చింది.

ఎనిమిదిమంది పిల్లలు గోడవారగా కూర్చునేవాళ్లు. గొంతుతో పనిలేదని మొదటిరోజే చెప్పాడు సురేష్. పెదవులు బిగించి పేలిస్తే పెద్ద డ్రమ్ము. పళ్ల సందున గాలి వదిలితే తాళాలు. నాలుక మూలనుంచి ‘క్’ అని కొడితే చిన్న డ్రమ్ము. మొదటి నెలంతా గదిలో సంగీతం కంటే ఉమ్మే ఎక్కువ రాలింది. ఎదురింటి సత్యవతమ్మ చేట పట్టుకుని గుమ్మంలో నిలబడి, “ఏంటి రత్నం, పిల్లలకి కోరింతదగ్గు నేర్పిస్తున్నావా?” అంది.

“మీ ఆయన గురక కంటే తాళంలోనే ఉందిలే వదినా,” అంది రత్నమ్మ.

చిక్కల్లా ఊపిరి దగ్గర వచ్చింది. ఒక్కొక్కరు కొంతసేపు వాయించి పక్కవాళ్లకి అందించాలి. మధ్యలో సందు రాకూడదు. కానీ ఎవరి ఊపిరి ఎప్పుడు చాలుతుందో వాళ్లకే తెలియదు. ఊపిరి అయిపోయాక గుటకలు మింగి, పక్కవాణ్ణి పొడిచి, వాడు అందుకునేసరికి తాళం కాలవలో కలిసేది. సురేష్ చేతులతో సైగలు చేసి చూశాడు, వేళ్లు లెక్కపెట్టి చూశాడు. కుదరలేదు.

ఒక ఆదివారం రత్నమ్మ అరుగు మీద వీపు తిప్పి కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. లోపల వాయిస్తున్నది ఎవరో కూడా చూడలేదు. “ఆ పిల్లకి కండె అయిపోయింది, పక్కవాణ్ణి అందుకోమను,” అంది. అన్న రెండు దెబ్బలకే, లోపల వాయిస్తున్న శ్రీదుర్గ అనే పిల్ల ఊపిరి ఆగింది.

సురేష్ బయటికొచ్చాడు. “ఎట్టా తెలిసిందండీ పిన్నిగారూ?”

ఆమెకి అది చెప్పవలసిన సంగతిగానే తోచలేదు. మగ్గం మీద మగవాడు నేస్తుంటే, ఆడమనిషి అరుగు మీద రాట్నంతో కండెలకి నూలు చుడుతుంది. కండె, పోగుల మధ్య తిరిగే నాడెలో కూర్చుని అటూ ఇటూ పరిగెత్తుతుంది; అది దాటిన ప్రతిసారీ నేసేవాడు పలకతో కొట్టి పోగుని బిగిస్తాడు. నూలు తరిగేకొద్దీ నాడె తేలికవుతుంది, చప్పుడు పలచబడుతుంది. అది విని, నేసేవాడు అడక్కముందే కొత్త కండె చేతికి అందించాలి. ఆయన గుంటలోంచి తల తిప్పకుండా చెయ్యి చాపేవాడు. ఆమె చెయ్యి అప్పటికే అక్కడ ఉండేది. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ ఆయన కండె కావాలని నోరు తెరిచి అడగలేదు. లోకం దాన్ని నేతగాడి పనే అంది. చుట్టిన చేతులకి ఏ నేత సంఘం రికార్డులోనూ పేరు లేదు.

ఆ రోజు నుంచి రత్నమ్మ గదిలోపల కూర్చుంది. ఒకరి ఊపిరి పలచబడగానే ఆమె వేలు లేచేది. పక్కవాళ్లు అందుకునేవాళ్లు. నెల తిరిగేసరికి ఎనిమిది నోళ్లు ఒక్క నోరులా మోగాయి. సురేష్ పొంగిపోయి, బందరులో జరిగే బాలల పండగలో ఐటం ఇద్దామన్నాడు.

అప్పుడు అడిగింది ఆమె. “మాస్టారూ, మగ్గం చప్పుడు వస్తుందా మీ విద్యలో?”

ఎందుకు రాదన్నాడు సురేష్. తనే చేసి చూపించాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. శ్రీదుర్గ పక్కన కూర్చునే బాబ్జీ చేశాడు. అది మరమగ్గంలా ఉందంది. ఆమెకి ముందుపళ్లు లేవు, తను చేయబోతే గాలే వచ్చేది. శ్రీదుర్గకి పన్నెండేళ్లు, అందరిలోకీ మొండిపిల్ల. ప్రతి సాయంత్రం బడి నుంచి వచ్చి ఎదురుగా కూర్చునేది. “పలక దెబ్బ తర్వాత ఏముండేదో చెప్పు మామ్మా,” అని ప్రాణం తీసేది. ఏదో ఉండేది. అదే గుర్తు రావడం లేదు. గుర్తు రాని ఆ సగం కోసం ఆమె ఇంటి తలుపు, చేట, చెంబు అన్నీ కొట్టి చూసింది. బందరు బస్సెక్కే రోజు దాకా “ఇది కాదే” అంటూనే ఉంది.

పండగ హాలు నిండిపోయింది. రత్నమ్మ ముందు వరుసలో కూర్చుంది, పిల్లలకి ఆమె వేలు కనపడాలి కదా. ఐటం బాగానే సాగింది. చివర్న మగ్గం. శ్రీదుర్గ మైకు దగ్గరికి జరిగింది. నాడె అటు కొట్టింది, ఇటు కొట్టింది, పలక పడింది. పడిన వెంటనే, ఇంట్లో ఒక్కసారీ చేయని పని, నాలుకతో మెల్లగా ఇంకో చిన్న తట్టు తట్టింది. ఆ పిల్ల తొట్రుపడి చేసిందో, తోచి చేసిందో.

రత్నమ్మ కుర్చీ అంచుకి జరిగింది. అదీ. పోగు మీద నమ్మకం చాలక, ప్రతి దెబ్బ తర్వాతా ఆయన పలకని ఇంకోసారి నెమ్మదిగా తాకించేవాడు. నిద్రపోయే బిడ్డ వీపు తట్టినట్టు. చీర వెంట చీర, సంవత్సరం వెంట సంవత్సరం ఆ తట్టు. హాలు లేదు, మైకు లేదు. అరుగు మీద ఎండపొడ, చేతికింద రాట్నం, లోపల ఆయన.

చప్పుడు పలచబడింది.

ఆమె వేలు ఎత్తలేదు. లేచి నిలబడి, పిడికిట్లో ఏదో ఉన్నట్టు చెయ్యి ముందుకి చాపింది. వెనకనుంచి కూర్చోమని ఎవరో కసిరారు. వేలు కోసం చూస్తున్న బాబ్జీ అందుకోలేదు. శ్రీదుర్గ ఊపిరి తెగిపోయింది. హాలంతా నిశ్శబ్దం. మగ్గం ఆడినన్నాళ్లూ ఆ నిశ్శబ్దంలోనే ఒక చెయ్యి గుంటలోంచి పైకి వచ్చేది. ఆమె చెయ్యి చాపుకుని అలాగే నిలబడింది. తర్వాత బాబ్జీ ఎలాగో అందుకున్నాడు, ఐటం ముగిసింది. బహుమతి ఎవరికో వెళ్లింది.

తిరుగు బస్సులో సురేష్ పిల్లల్ని లెక్కపెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. కిటికీ పక్కన శ్రీదుర్గ మొహం మాడ్చుకుని కూర్చుంది. తల తిప్పకుండానే అడిగింది.

“అదేనా మామ్మా?”

“అదేనే తల్లీ,” అంది రత్నమ్మ, ఒడిలో ఖాళీ పిడికిలి ఇంకా విప్పకుండా. “కండె ఇవ్వడం నాదే ఆలస్యమైంది.”