మా అత్త మొక్కిన నా పాట

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి. ఆ రోజుల్లో మాలాంటి కొత్త కోడళ్లం నోరున్నది అన్నం తినడానికే అనుకునేవాళ్లం. నా సంగతి మరీ ఘోరం. పెళ్లిచూపుల్లో పేరడిగితే నా బదులు మా అక్క చెప్పింది. (పిల్ల మూగదేమోనని వాళ్లు ఇంటికెళ్లాక గుసగుసలాడుకున్నారట.) అలాంటి నా మీద మా అత్త మొక్కుబడి పెట్టింది. పెళ్లయిన ఏడాదే మా ఆయన పచ్చకామెర్లతో మంచం పట్టాడు. మా అత్త చర్చిలో అందరి ముందూ లేచి, కొడుకు కోలుకుంటే కృతజ్ఞత కూడికలో కోడలు పాట పాడుతుందని దేవుడికి మాటిచ్చేసింది. పాడాల్సిన మనిషిని ఒక్క మాట అడగలేదు. (పొయ్యి దగ్గర కూనిరాగం తీస్తుంటే విన్నానని తర్వాత చెప్పింది.) ఆయనకి తగ్గింది, నాకు జ్వరం పట్టుకుంది. పాడలేనని ఏడిస్తే మా అత్త కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"దేవుడికిచ్చిన మాట తప్పితే వాడికి మళ్లీ ఏమవుద్దోనని నాకు నిద్ర పట్టట్లేదు అమ్మాయ్" అంది కళ్లొత్తుకుంటూ.

దారి చూపించింది మా పెద్ద తోడికోడలు. ఆమెనీ అక్కా అనే పిలిచేదాన్ని. మిరపకళ్లంలో తెల్లబడ్డ తాలుకాయలు ఏరే పనికి కలిసే వెళ్లేవాళ్లం. ఘాటుకి అందరం ముక్కూ మూతీ కలిపి గుడ్డ కట్టుకుంటే కళ్లు తప్ప ఏమీ కనపడవు.

"గుడ్డ వెనక పాడవే, ఎవరు పాడారో ఎవరికి తెలిసిద్ది" అంది అక్క.

తలొంచుకుని సన్నగా అందుకున్నాను. పాడేదెవరని అవతలి వరసలో ఒకావిడ అడిగితే, అక్క తలెత్తకుండా "రేడియో" అంది. మర్నాడు ఆ రేడియో కాస్త గట్టిగా పాడింది. ఇంకొన్నాళ్లకి అక్క నా గుడ్డని ముక్కు కిందకి లాగింది, తర్వాత గడ్డం కిందకి. గుడ్డ జారేకొద్దీ భయం తగ్గింది గానీ తుమ్ములు పెరిగాయి. చరణానికో తుమ్ము. అయినా ఎవరూ నవ్వలేదు. (నవ్వితే ఘాటు గొంతులోకి పోతుంది మరి.)

కూడిక రోజు చర్చిలో నిలబడ్డాను. గుడ్డ లేదు, తుమ్ము లేదు, గొంతూ లేదు. ముందు వరసలో మా అత్త గుప్పిళ్లు బిగించి కూర్చుంది. పమిట నోటికి అడ్డం పెట్టుకోబోతూ చివరి చాపల వైపు చూశాను. మా కళ్లం ఆడవాళ్లు, ఎప్పుడూ చర్చికి రాని, పొలాలున్న కమతాలవాళ్ల ఆడవాళ్లతో సహా, బారుగా కూర్చుని ఉన్నారు. అందరి మొహాలకీ గుడ్డలే. ఊళ్లోకి ఏ రోగం వచ్చిందోనని పాస్టరు అయ్యగారు కంగారుపడి పక్కాయన్ని అడిగారట. నాకు మాత్రం కాయల కుప్ప ముందు కూర్చున్నట్టే ఉంది. గుడ్డ పైనుంచి అక్క కళ్లెగరేసింది. అందుకున్నాను. రెండో చరణంలో శ్రుతి ఎటు పోయిందో తెలియదు, నేను మాత్రం ఎటూ పోలేదు.

ఆ మధ్యాహ్నం మా అత్త మొదటి కంచం కొడుక్కి కాకుండా నాకు పెట్టింది. తిన్నాక గోడవారన కొంగు పరుచుకుని, పట్టపగలే గురకపెట్టి నిద్రపోయింది.

అక్క ఇప్పుడు లేదు. ఈ రోజుల్లో నా చేతికి మైకిస్తే మిగతావాళ్లు కూడా పాడాలమ్మా అని అయ్యగారు బతిమాలుకుంటున్నారు. వణుకుతూ నిలబడ్డ ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, ముద్దూ వస్తుంది. మీ ఇల్లు చల్లగా ఉండాలి తల్లీ. మీ గడపలో గొంతు పెగలని పిల్ల ఉంటే, దాని పక్కన కూర్చునే మనిషిని దేవుడు ముందే పంపించాలి.