మంత్రిగారి కోటు

ఆ వీధి దర్జీని అందరూ 'మంత్రిగారు' అనేవాళ్లు. మర్యాదకు కాదు, వెక్కిరింతకు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే రకం మనిషి. కొట్టులో గోడమీద ఒక పటం ఉండేది: పొడుగు కోటు, ఛాతీనిండా పతకాలు, కోరమీసం. "మా ముత్తాత. రాజుగారి దగ్గర మంత్రి" అనేవాడు. ప్యాంటు పొట్టిదైందని పోట్లాటకొచ్చినవాడు కూడా ఆ కథ వినకుండా బయటపడిన పాపాన పోలేదు.

ఆ పటమే కూతురి ప్రాణానికొచ్చింది. ఊరూరా తిరిగే నాటక బృందం ఆ పిల్లను రమ్మంది. సాయంత్రమే బండి. "మంత్రిగారి వంశంలో పుట్టి ముఖానికి రంగు పూసుకుంటావా?" అన్నాడు తండ్రి. ఆ మాటకు పిల్ల లొంగలేదు. వంశవృక్షం మొత్తం అట్టమీద గీసి ఎదురుగా పెడితే ఇక నోరెత్తదనుకుని, పైవరస పేర్లకోసం తన మేనత్తను పిలిపించాడు. ఆవిడకు మోకాళ్లు పోయాయిగానీ నోరు మాత్రం నిక్షేపంగా ఉంది.

ఆవిడ పటం చూసి, "మీ ముత్తాతేంట్రా? ఇది మా నానమ్మ. నాటకంలో మంత్రి వేషం. మీసం జిగురుతో అంటించుకునేది, పీకేటప్పుడు తిట్టుకునేది" అంది.

"మరి నాన్న అలా చెప్పాడే?"

"మీ నాన్నకి సిగ్గు. వేషాన్ని ఉద్యోగం చేసి కూర్చోబెట్టాడు."

దర్జీ కుర్చీ ఎక్కి పటంలో తల దూర్చాడు. పతకాలు తగరం కాగితాలు. కోటు గుండీలు ఆడవాళ్ల కోటుకి కుట్టే వైపున్నాయి! పనివాళ్లు గుండీ ఒకటి అటుదిటు కుడితే వాళ్ల ఏడుతరాలను తిట్టే మహానుభావుడు, తన తరాలమీద గుండీలు మాత్రం ఏనాడూ చూసుకోలేదు. తేలు కుట్టిన దొంగలా కుర్చీ దిగాడు.

ఎంతసేపు? కిందపడ్డా పైచెయ్యి తనదే కదా. జాకెట్టు కొలతలకొచ్చిన ఆవిడతో అప్పుడే ప్లేటు ఫిరాయించాడు. "మాది కళాకారుల వంశమండీ. మా ముత్తవ్వ మంత్రి వేషం కడితే జనం లేచి దణ్ణం పెట్టేవాళ్లు."

లోపల సంచి సర్దుకుంటున్న కూతురు విని బయటకొచ్చింది. "అయితే నేను వెళ్లొచ్చా నాన్నా?"

దర్జీ వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "అదేంటే? కళ మన రక్తంలోనే ఉందిగా. ఇంట్లో ఉన్నదానికోసం ఊళ్లు తిరగడమెందుకు?"

సిగ్గు లేకపోవాలిగానీ, మాటలకేం కరువు.

మేనత్త నవ్వి, "మా నానమ్మకీ వాళ్ల నాన్న ఇలాగే అడ్డం నిలబడ్డాడట" అంది.

అట్టమీద అన్నిటికంటే పైగడి ఖాళీగా ఉంది. దర్జీ జేబులోంచి కలం తీశాడు. "ఆయన పేరేంటత్తా? రాసుకుంటాను."

"ఏమోరా. ఆయన పేరు మా ఇంట్లో ఎవరూ తలచుకోగా వినలేదు."

దర్జీ కలం జేబులో పెట్టుకున్నాడు. కూతురు సంచి భుజాన వేసుకుని వస్తుంటే గుమ్మంలోంచి పక్కకు జరిగాడు.