సువార్త మేడమ్ సన్మాన సభలో నా కన్నీళ్లు

నా మైకు సెట్టు మీద ఒట్టు. నా షామియానాల మీద, పెళ్లిళ్లకు పోయి ఇప్పటికీ తిరిగిరాని నా స్టీలు గంగాళాల మీద ఒట్టు. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో ప్రతి మాటా నిజం. నా సంగతి తెలిసినవాళ్లు ఇక్కడే నవ్వడం మొదలుపెడతారు, నవ్వనివ్వండి. గద్వాల నుంచి వనపర్తి మీదుగా నాగర్‌కర్నూల్ దాకా ఎన్నో పెళ్లి పందిళ్లలో పొట్టి పెళ్లికొడుకులను మైకులో ఆజానుబాహులను చేసిన మాట వాస్తవమే. అది వృత్తి ధర్మం. ఇది మాత్రం స్వయంగా నాకు జరిగిన ఘోరం. నడి ఊళ్లో, పట్టపగలు, పంచాయతీ ఆఫీసు ముందు నా భార్య నన్ను బట్టల సబ్బుతో రుద్ది కడిగింది. ఆ కడుగుడు నా సొంత మైకులోనే ఊరంతటికీ వినబడింది. అంతటితో పోతే బాగుండేది. ఇప్పుడు హైదరాబాదులో ఒక యూనివర్సిటీలో పిల్లలు నా గురించి పాఠం వింటున్నారు.

మాది ధరూరు పక్కన ఊరు. నాకు టెంట్ హౌస్ ఉంది. కుర్చీలు, పరుపులు, గిన్నెలు, మైకు, మైకు ముందు మాట్లాడే నేను, అన్నీ కిరాయికి దొరుకుతాయి. నా పేరు బాలకిష్టయ్య. నా భార్య పేరు మణెమ్మ. ఆమెకు మైకు అవసరం లేదు.

ఇక సువార్త మేడమ్. ఆమెది మా పక్క ఊరే. అమ్మానాన్న కూలీలు, ఏటా మూటాముల్లె సర్దుకుని వలస పోయేవాళ్లు. ఆమె హాస్టళ్లలో ఉండి చదివి, వనపర్తిలో డిగ్రీ చేసి, హైదరాబాదు పోయి విషాల మీద పెద్ద చదువు చదివి, అక్కడే ప్రొఫెసరయింది. ఆమె గొప్పతనం ఒక్క ప్రశ్నలో ఉంది. అందరూ "ఏం విషం?" అని అడిగే చోట ఆమె "ఏ దారిన?" అని అడుగుతుంది. పత్తికి మందు కొట్టేవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకుని నిశ్చింతగా ఉంటే, మరి మోసే మందు డబ్బా కారి తడిసిన వీపు సంగతేమిటి అని అడిగింది. సాయంత్రం విప్పి పారేసిన ఆ అంగీని ఉతికే ఆడమనిషి చేతుల సంగతేమిటి అని అడిగింది. విత్తన పత్తిలో పుప్పొడి అద్దడానికి పువ్వు పువ్వునూ వట్టి వేళ్లతో ముట్టే కూలీల సంగతేమిటి అని అడిగింది. ఈ ప్రశ్నల వెంట పోయి పోయి ఆమె రాసిన వ్యాసాలను పరాయి దేశాలవాళ్లు కూడా చదువుతారట. ఆమె దగ్గర చదువుకున్నవాళ్లే ఇప్పుడు ప్రొఫెసర్లు.

ఈ ఘోరం జరిగిన ఏడు ఆమె తన పరిశోధనకు మా ఊరిని ఎంచుకుంది. మందు కొట్టడం మొదలుకాక ముందు ఒకసారి, మొదలయ్యాక ఒకసారి, కూలీల వేలి నుంచి రక్తం చుక్క తీసి చూడాలి. ముందటిది లేకపోతే తర్వాతిదాన్ని పోల్చడానికి ఏమీ ఉండదు. పత్తి అప్పటికే మోకాలెత్తు వచ్చింది. ఆ వారం జనం రాకపోతే ఆమె ఏడాది పని గోదాట్లో కలిసినట్టే. ఎవరి ఒంట్లోకి ఎంత విషం దిగుతోందో మా కూలీలకూ తెలియకుండానే పోతుంది.

సర్పంచ్ నర్సింలు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"బాలకిష్టన్నా, మేడమ్‌కు సన్మానం జేద్దాం, అట్లనే రక్తం గూడ ఇప్పిద్దాం. సూది అంటే మనోళ్లు ఉరుకుతరు. నువ్వు జర మంచిగ చెప్పాలె."

"నువ్వు బేఫికర్ ఉండు నర్సింలూ. నేను చెప్తే సచ్చినోడు గూడ లేసొచ్చి వేలు సాపుతడు."

"సచ్చినోళ్లు వద్దన్నా. బతికున్నోళ్లొస్తె సాలు."

మరునాడే ఆటోకు మైకు కట్టి ఊరంతా తిరిగాను. "మహాజనులారా! విషాలకే వణుకు పుట్టించే మహా శాస్త్రవేత్త విచ్చేస్తున్నారు! మీ రక్తంలో ఏ మూల ఏ విషం దాగి ఉన్నా బయటికి లాగుతారు! ఎవరూ తప్పించుకోలేరు!" ఇంత కమ్మగా చెప్తే జనం ఎగబడి వస్తారనుకున్నాను.

ఇక్కడ నా ఆరోగ్యం గురించి కొంచెం చెప్పాలి, విసుక్కోకండి. అప్పటికి కొద్ది రోజులుగా నాకు ఒళ్లంతా తడితడిగా ఉంటోంది. కళ్ల నుంచి నీళ్లు, నోటి నుంచి నీళ్లు, మెడ మీద చెమట. మణెమ్మ పప్పుచారు పెడితే నోరూరుతోందని ఆమె మురిసిపోయింది. టీవీ సీరియల్లో అత్త కోడల్ని తిడుతుంటే నా కళ్లు కారడం చూసి, "ఈ మనిషి మనసు గింత మెత్తగెప్పుడయింది?" అని పక్కింటివాళ్లకు చెప్పుకుంది. నేనూ అదే అనుకున్నాను. వయసు మీద పడుతోంది, మహానుభావుణ్ణి అవుతున్నాను కాబోలు.

సభ రోజు పంచాయతీ వరండాలో నా పరుపులు పరిచి, తెల్ల దుప్పట్లు కప్పి, దిండ్లు వేసి, పైన మల్లెపూల సెంటు దట్టంగా కొట్టాను. నర్సింలు, ఊరి పెద్దలు దర్జాగా కూర్చున్నారు. సువార్త మేడమ్ మెట్లెక్కింది. నెరిసిన జుట్టు, నేత చీర, భుజానికి సంచి. ఒక్కసారి ముక్కు ఎగబీల్చింది. మళ్లీ ఎగబీల్చింది. పాపం, పడిశం అనుకున్నాను.

"ఇట్ల కూసోండ్రి మేడమ్," అన్నాను.

"వద్దు తమ్మీ, నాకు కుర్చీ సాలు," అని నిలబడే అటూ ఇటూ చూసింది.

ముందు చూస్తే జనం లేరు. కుర్చీలన్నీ ఖాళీ. చాయ్ కోసం వచ్చిన ఎల్లప్ప ఒక్కడే కూర్చున్నాడు. ఊళ్లో ఎవరి పత్తికైనా మందు కొట్టేది అతనే.

"ఏందే ఎల్లప్పా, ఎవ్వరు రాలే?"

"ఎట్లొస్తరే? తప్పించుకోలేరు అని నువ్వే అంటివి గద. మా ఇంట్ల ఆడోళ్లు తలుపులు పెట్టుకోని కూసున్నరు."

మేడమ్ ముఖం చూశాను. కోపం లేదు. బస్సు తప్పిపోయిన మనిషి రోడ్డు వైపు చూసినట్టు ఖాళీ కుర్చీల వైపు చూస్తోంది. సరే, మాటతో పాడైనదాన్ని మాటతోనే బాగుచేద్దామని మైకు అందుకున్నాను.

"నిరుపేద ఇంట పుట్టిన ఆణిముత్యం! పాము ఈమెను చూస్తే పక్కకు జరుగుతుంది! తేలు సెలవు పెడుతుంది! పస్తులుండి చదివి, పగలూ రాత్రీ పరిశోధించి..."

అప్పుడు మొదలయ్యాయి నా కన్నీళ్లు. మామూలుగా కాదు. జూరాల డ్యాం గేట్లు ఎత్తినట్టు. తుడిచేకొద్దీ వస్తున్నాయి. నోటి నుంచి తుంపర్లు మైకులో పడి గరగరమంటోంది. నన్ను చూసి ఒక పెద్దాయన పంచె కొంగుతో కళ్లద్దుకున్నాడు. నర్సింలు గొంతు సవరించుకున్నాడు. ఎల్లప్ప మాత్రం, "ఏందన్నా, మేడమ్ మంచిగనే ఉన్నది గద, గట్ల ఏడుస్తున్నవేంది?" అన్నాడు.

మేడమ్ నా దగ్గరికి వచ్చింది. నా భక్తికి కరిగి ఆశీర్వదిస్తుందనుకుని తల వంచాను. ఆమె నా గడ్డం పట్టి పైకెత్తి, సంచిలోంచి చిన్న టార్చిలైటు తీసి నా కంట్లో కొట్టింది.

"మైకు పక్కన పెట్టు తమ్మీ. ఇటు సూడు."

మైకు బల్ల మీద పెట్టాను. "మీ కష్టాలు చెప్తుంటే కడుపు తరుక్కుపోయింది మేడమ్."

"కడుపుల గూడ ఉన్నదా? ఎప్పటి సంది?"

"అంటే... కష్టం గద మేడమ్..."

"నా కష్టం సంగతి ఇడ్సిపెట్టు. నీ కంటి పాపలు ఆవగింజంత అయినయి. నువ్వు ఏడుస్తలేవు. నీకు పురుగుల మందు ఎక్కింది."

నాకు నవ్వొచ్చింది. "నేను చేను మొఖం చూసి ఏండ్లయింది మేడమ్! నాది టెంట్ హౌసు!"

ఆ మాటతో ఆమె కళ్లు మెరిశాయి. ఎవరైనా కంగారుపడతారు, ఆమెకు కుతూహలం పుట్టింది! తన డ్రైవరును బండి తిప్పి పెట్టమని సైగ చేసి, నా ఎదురుగా కుర్చీ లాక్కుంది.

"అయితే ఏ దారిన వచ్చింది? నీళ్లు ఏడ తాగుతవ్?"

"ఇంట్లనే."

మణెమ్మకు కబురు పోయింది. ఆమె చెంగు దోపుకుంటూ వచ్చింది. ఆమె కళ్లలోనూ టార్చి పడింది. శుభ్రంగా ఉన్నాయి.

"ఒక్కటే కుండ నీళ్లు, ఒక్కటే పొయ్యి వంట. ఆమెకు లేదు, నీకే ఉన్నది," అని మేడమ్ తనలో తాను అనుకున్నట్టు అంది. "అంటే ఆమె రాని జాగ, నువ్వొక్కనివే పొయ్యే జాగ ఏదో ఉన్నది. ఏది తమ్మీ?"

ఇంత చల్లగా అడిగిన ప్రశ్న ఒక సంసారాన్ని ఎంత కదిలిస్తుందో మీరు చూసి ఉండరు. మణెమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"చెప్పయ్యా. ఏడికి పోతున్నవ్?"

ఎల్లప్ప కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"గోదాముకు," అన్నాను.

"ఎవరున్నరు గోదాముల?"

"పరుపులున్నయే తల్లీ! పగటిపూట షట్టరు దించుకోని జరసేపు పండుకుంట!"

"పరుపుల మీదనా?" మేడమ్ మళ్లీ ముక్కు ఎగబీల్చింది. "వాటికి ఏమన్న కొట్టినవా?"

"మల్లెపూల సెంటు."

"అంతకు ముందు?"

"అంతకు ముందు... నల్లుల మందు."

"ఏం నల్లుల మందు?"

ఇక దాచి లాభం లేకపోయింది. అయిజలో ఒక పెళ్లికి పోయొచ్చిన నా పరుపుల్లో నల్లులు పడ్డాయి. కిరాయికి ఇస్తే పరువు పోతుంది. వడ్డేపల్లిలో మా బామ్మర్దిని అడిగితే, పోయినేడు పత్తికి కొట్టగా మిగిలిన సీసా ఇచ్చాడు. నల్లి కూడా పురుగే కదా అని నీళ్లలో కలిపి వట్టి చేతులతో పరుపులన్నిటికీ పట్టించాను. పనితనం చూద్దామని రోజూ వాటి మీదే పడుకున్నాను. "కాని మేడమ్," అన్నాను రొమ్ము విరుచుకుని, "నల్లి అన్నది ఒక్కటి మిగల్లే! అన్ని సచ్చినయి!"

నర్సింలు మెల్లగా అడిగాడు. "బాలకిష్టన్నా... గవి ఏ పరుపులు?"

"నువ్వు కూసున్నవే."

మా సర్పంచ్‌ది భారీ శరీరం. అది గాల్లోకి లేవగలదని ఆ రోజే తెలిసింది. పెద్దలందరూ నిప్పుల మీద కూర్చున్నట్టు ఒక్కసారి ఎగిరి, ఒకరి పంచె ఒకరు తొక్కుకుంటూ మెట్లు దిగారు.

"పరుగెత్తకుండ్రి! మీరు జరసేపే కూసున్నరు. ఇంటికి పోయి తానం జేసి బట్టలు మార్చుండ్రి," అని మేడమ్ కేకేసింది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు ఇంటి దాంక గూడ పోవద్దు. అంగీ ఇప్పు. మణెమ్మా, ఈ తొడుగులు చేతులకేస్కో. సబ్బు తెప్పియ్యి."

పంచాయతీ కుళాయి వరండా పక్కనే. కిరాణా కొట్టులో దొరికింది బట్టల సబ్బు ఒక్కటే. నేను బల్ల మీద పెట్టిన మైకు ఆ పక్కనే. దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. నాకు తోచింది కాని, నోట్లో నురగ.

పంచాయతీ కప్పు మీది నాలుగు హారన్లలోంచి మణెమ్మ ఊరితో మాట్లాడింది.

"చెయ్యి లేపు! చంక సూపియ్యి! పత్తి మందు పరుపులకు కొడ్తవా? సీరియల్ చూసి ఏడుస్తుండని మురిసిపోతిని గదనే! నల్లికున్నంత తెలివి గూడ నీకు లేదా? తిరుగు అటు!"

నేను ఆటో తిప్పి పిలిస్తే రాని జనం ఒక్కొక్క తలుపూ తెరుచుకుని వచ్చారు. చేతిలో చీపుర్లతో ఆడవాళ్లు, తువ్వాలలతో మగవాళ్లు. ఖాళీ కుర్చీలు నిండాయి. నిలబడేవాళ్లు నిలబడ్డారు. నా జీవితంలో అంత పెద్ద సభకు నేను ఎన్నడూ మైకు పెట్టలేదు.

తడి ఒంటి మీద కప్పుకోవడానికి ఏమీ లేకపోతే, మేడమ్‌కు సన్మానం చేయడానికి తెచ్చిన శాలువా నాకు కప్పారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

బండిలో నా చోటు సర్దుతుండగానే మేడమ్ నా వేలు గుచ్చి, చుక్క రక్తం చిన్న మిషన్లో పెట్టింది. కాసేపటికి దాన్ని జనం వైపు తిప్పి చూపించింది.

"ఈ మందు నరాలకున్న బ్రేకు తీసేస్తది. అందుకే కన్ను, నోరు, చెమట ఆగకుంట కారుతయి. ఆ బ్రేకు ఎంత మిగిలిందో ఈ చుక్క చెప్తది. ఈ తమ్మికి సగం గూడ లేదు. దవాఖానకు పోతే బాగయితడు, భయం లేదు. కాని చేను మొఖం చూడనోనికే గిట్లుంటే, దినమంత చేన్ల ఉండెటోళ్లకు ఎట్లుంటదో సూసుకోవాల్నా వద్దా?"

అప్పుడు ఎల్లప్ప చాయ్ గ్లాసు కింద పెట్టి లేచాడు. అతని ముఖంలో నవ్వు లేదు.

"మైకోనికే గింతుంటే... నా ఈపు మీద డబ్బ కారని రోజు లేదు. సూడు మేడమ్," అని వేలు చాపాడు.

బండి కదిలింది. శాలువా కప్పుకుని వెనక అద్దంలోంచి చూశాను. ఎల్లప్ప వెనక అతని భార్య, ఆమె వెనక కూలీలు, వాళ్ల వెనక, తలస్నానం చేసొచ్చిన నర్సింలు. వరుస వీధి మలుపు దాకా పోయింది. మైకు దగ్గర ఎవరూ లేరు.

గద్వాల దవాఖానలో సూదులు వేసి, కొన్నాళ్లు ఉంచుకుని పంపారు. పరుపులు పోయాయి. మేడమ్ మందు కొట్టే కాలంలో మళ్లీ వచ్చి రెండోసారి రక్తం చూసింది. ఎల్లప్ప రక్తంలో ఆ బ్రేకు బాగా తగ్గిందని, ఆ సీజనుకు అతణ్ణి డబ్బా దింపమంది. దింపాడు. ఇప్పుడు ఆమె క్లాసులో 'దారి' గురించి చెప్పేటప్పుడు నా కథ చెప్తుందట, పేరు లేకుండా.

"పేరు పెట్టండి మేడమ్," అని బతిమాలాను.

"పెట్టొద్దు తమ్మీ, నియమం."

విజ్ఞానశాస్త్రానికి నేను చేసిన ఒకే ఒక్క సేవ, మైకులో చెప్పుకునే వీలు లేకపోయింది!

అందుకే సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. పత్తికి కొట్టే మందు పత్తి దాటి నా గడప తొక్కదు. నా కన్ను చెమర్చితే ముందు గోదాము వాసన చూస్తాను, తర్వాతే మహానుభావుణ్ణని అనుకుంటాను. స్నానానికి ముందు మైకు ఆపుతాను.

ఇక మొదట్లో వేసిన ఒట్టు సంగతి. మైకు సెట్టు కాలిపోతే మళ్లీ కొనాలి కాబట్టి చెప్పేస్తున్నాను. అంతా నిజమే, ఒక్క ముక్క తప్ప. నల్లులన్నీ చచ్చాయని రొమ్ము విరుచుకుని చెప్పాను చూడండి, అది అబద్ధం. పరుపులు పారేసే రోజు మేడమ్ దులిపి చూపించింది. తల్లీ పిల్లా అన్నీ బలంగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. ఆ మందు వాటికి ఎప్పుడో అలవాటైపోయిందట.

దానికి పడిపోయింది నేనొక్కణ్ణే.