అత్తగారి దవడలో వెండి తీగ

నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు, పాలు పితుకుతుండగా గేదె కొమ్ము తగిలి మా అత్తగారి దవడ విరిగింది. గేదె కావాలని చేసింది కాదు. ఒంటి మీద వాలిన జోరీగను తోలుకోవడానికి తల విసిరింది, అంతే. నేను దూడను పట్టుకుని పక్కనే ఉన్నాను. ఆవిడ పాలచెంబు ఒలక్కుండా కింద పెట్టి, ఆ తరవాత కూలబడ్డారు.

ఊళ్లో ఎముకలకు కట్లు కట్టే ఆయన గడ్డం కిందనుంచి నడినెత్తికి గుడ్డ బిగించాడు. నాలుగు రోజులైనా పై పళ్లూ కింది పళ్లూ కలవలేదు. మామగారు పడవ మాట్లాడి, కాలవ మీదుగా ఆవిణ్ణి రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్లారు. చూసుకోవడానికి నేనూ వెళ్లాను.

డాక్టరు దొరగారు మత్తుమందు ఇచ్చి, విరిగిన ఎముకకు అటూ ఇటూ సన్నటి బెజ్జాలు పెట్టి, వెండి తీగతో రెండు ముక్కల్నీ కలిపి బిగించారు. పైన మళ్లీ కట్టు కట్టారు.

"ఎముక అతికేదాకా నోరు తెరవకూడదండి. గంజి, పాలు, అంతే," అని కంపౌండరు గారు చెప్పారు.

గేదె కొమ్ము దెబ్బకు ఆవిడ ముందు పన్ను ఒకటి ఊడిపోయింది. ఆ సందులోంచే ఉగ్గుగిన్నెతో గంజి పోసేదాన్ని. ఆవిడ నోరంటే మా ఇంట్లో అందరికీ హడలు. నా వంటకు, నా నడకకు, నా పుట్టింటికి ఏదో ఒక వంక పెట్టేవారు. ఇప్పుడన్నీ సైగలే. నిజం చెప్పాలంటే ఆ రెండు వారాలూ నాకు హాయిగా ఉంది.

మూడో వారంలో దవడ కింద వాచి, జ్వరం వచ్చింది. వాపు పగిలి చీము కారడం మొదలైంది. ఆ వాసనకు ఆవిడే సిగ్గుపడి, నేను దగ్గరికి రాగానే గోడవైపు తిరిగేవారు.

"తీగ తీసేయరాదా అండీ?" అని మామగారు అడిగారు.

"తీగ దగ్గరే చీము పట్టిందండి. కానీ ఇప్పుడు తీస్తే ఎముక విడిపోతుంది. కొన్నాళ్లు ఓర్చుకోవాలి," అన్నారు కంపౌండరు గారు.

రోజూ మందునీళ్లతో పుండు కడగడం నాకు నేర్పారు. కడుగుతున్నంతసేపూ ఆవిడ కళ్లు గట్టిగా మూసుకునేవారు, నా చెయ్యి మాత్రం వదిలేవారు కాదు. ఆ మౌనం నాకు హాయినిచ్చిందన్న సంగతి గుర్తొచ్చి తలెత్తలేకపోయేదాన్ని. చివరికి తీగ తీసినప్పుడు దాంతోపాటు చిన్న ఎముక పెంకు కూడా ఊడివచ్చింది. ఆ తరవాతే పుండు మానింది.

ఎముక అతికింది గానీ కాస్త వంకరగా అతికింది. కింది పెదవి ఎడమవైపు స్పర్శ పోయింది. బంధువులింటి సీమంతంలో పెదవికి మెతుకు అంటుకుని ఉన్నా ఆవిడకు తెలియలేదు. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్లు ముసిముసిగా నవ్వారు. ఆవిడ విస్తట్లో సగం వదిలేసి లేచిపోయారు.

ఇంటికొచ్చాక నన్ను పెరట్లోకి పిలిచారు.

"అమ్మాయ్, ఇంకెప్పుడైనా అలా అంటుకుంటే నాకు చెబుతావా?"

"చెబుతాను అత్తయ్యగారూ."

"నోటితో చెప్పకు. నువ్వు నీ పెదవి తుడుచుకో. నాకు తెలుస్తుంది."

ఆవిడ నన్నొకటి అడగడం అదే మొదటిసారి. అప్పటిదాకా అన్నీ ఆజ్ఞలే.

ఆ తరవాత ఆవిడ పదహారేళ్లు బతికారు. మాట కాస్త ముద్దగా వచ్చేది గానీ, నన్ను తిట్టడం మానలేదు. పప్పులో ఉప్పెక్కువైందని నలుగురిలో కసురుతూనే నా ముఖం వంక చూసేవారు. నేను పెదవి తుడుచుకునేదాన్ని. ఆవిడా తుడుచుకుని, మళ్లీ పప్పు సంగతి ఎత్తుకునేవారు.